కళింగపట్నమా, బారువా, చింతపల్లా? పిల్లలూ పెద్దవాళ్లతో సముద్రానికి వెళ్లేవారికి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: హైదరాబాద్ నుంచి సంక్రాంతికి శ్రీకాకుళంలో మీ ఆడపడుచు గారింటికి వస్తున్నారు. పండుగ అయ్యాక మూడు రోజులు తీరిక ఉంటుంది. ఐదేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారు వెంట ఉంటారు. పిల్లలకు నీళ్లలో ఆడుకోవాలని, అత్తగారికి నది సముద్రంలో కలిసేచోట స్నానం చేయాలని ఉంది. కళింగపట్నమా, బారువా, విజయనగరం వైపు చింతపల్లా, ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నారు.

నేను మత్స్యశాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా తీరపు ఊళ్లు తిరగడమే నా ఉద్యోగం. ఇప్పుడు ఇంటికొచ్చిన చుట్టాలను సముద్రానికి తీసుకెళ్లే బాధ్యత కూడా నా మీదే పడుతుంది, అందుకని కాస్త చనువుగానే చెబుతాను. మీరు రాసిన మూడు ఊళ్లూ మంచివే. ఏ ఊరికి వెళ్లాలనే దాని గురించి ఎక్కువ మథనపడకండి. ఆ ఊళ్లో కారు ఎక్కడ ఆపి ఎటువైపు నడుస్తారన్నది దానికంటే పెద్ద సంగతి. ఎందుకో చెబుతాను.

మన వైపు పేరున్న తీరాలన్నీ ఒకసారి వరసగా చూడండి. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తుంది. కళ్లేపల్లి, మోఫస్‌బందరు దగ్గర నాగావళి. బారువ దగ్గర మహేంద్రతనయ. విజయనగరం జిల్లాలో కోనాడ దగ్గర చంపావతి. ఇది కాకతాళీయం కాదు. రైళ్లు, తారు రోడ్లు లేని కాలంలో సరుకు నది మీద దిగివచ్చి ఓడ ఎక్కేది, పడవలకు నదిలో కాస్త నిలకడ దొరికేది. అందుకే రేవులు నదుల మొగల దగ్గర, అంటే అవి సముద్రంలో కలిసేచోట, పుట్టాయి. రేవు ఉన్నచోట ఊరు పెరిగింది, లైట్‌హౌస్ వచ్చింది, రోడ్డు పడింది. రేవులు మూతపడి చాలాకాలమైనా ఆ రోడ్లు మిగిలాయి. ఇవాళ సెలవులకు వచ్చే కార్లన్నీ ఆ పాత రోడ్ల మీదే నడిచి, సరిగ్గా నది మొగ దగ్గరికి చేరుతున్నాయి. సాగర సంగమం పుణ్యస్థలమన్న నమ్మకం కూడా జనాన్ని అక్కడికే నడిపిస్తుంది.

చిక్కు ఏమిటంటే, ఈత రాని మనిషి నీళ్లలో దిగకూడని చోటు ఏదైనా ఉంటే అది నది మొగే. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తీసేటప్పుడు, నదిలోకి ఎగదన్నిన నీరంతా ఇరుకైన దారిలోంచి ఒక్కసారిగా సముద్రంలోకి పోతుంది. దానికి నది సొంత ప్రవాహం తోడవుతుంది. పైకి చూస్తే అలల్లేకుండా అద్దంలా ఉంటుంది, అడుగున మాత్రం కాళ్లు నిలవవు. అక్కడి ఇసుక మేట నిలకడైనది కాదు. మోకాలి లోతు అనుకుని రెండడుగులు వేస్తే తల మునిగే గుంట తగులుతుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో తీరం వెంట ఇసుక ఉత్తరానికి నడుస్తుంది, ఈశాన్య రుతుపవనాల్లో దక్షిణానికి మళ్లుతుంది. అందువల్ల మొగ ఏటా ఒకేచోట, ఒకే లోతులో ఉండదు. నిరుడు మా వాళ్లు ఇక్కడే స్నానం చేశారన్న మాటకు నది మొగ దగ్గర విలువ లేదు.

కాబట్టి మొదటి సూత్రం: ఏ బీచ్‌కి వెళ్లినా దిగగానే నది ఏ వైపు ఉందో అడగండి. రెండో వైపు నడవండి. నా లెక్క ప్రకారం కనీసం కిలోమీటరు దూరం ఉండాలి. పిల్లలు నడవలేరంటారా, కారును అటువైపు రోడ్డులోకి తిప్పుకోండి. జనం ఎక్కడ గుమిగూడారో అక్కడే మంచిదన్న లెక్క ఇక్కడ పనికిరాదు. జనం రోడ్డు ఆగినచోట ఆగుతారు, అంతే.

ఇక నీళ్లను చూడటం. తీరానికి చేరగానే పిల్లల బూట్లు విప్పకండి. పావుగంట ఇసుక మీద కూర్చుని అలలను గమనించండి. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నేను మాత్రం మా ఇంటికొచ్చిన ఎవర్నీ వదలను. అలలు దూరంగా ఒకసారి, మధ్యలో ఒకసారి, ఒడ్డున ఒకసారి, ఇలా రెండు మూడు వరసలుగా విరిగి నురగై మెల్లగా వస్తుంటే అడుగు తక్కువ వాలుతో, మెల్లగా లోతవుతోందని అర్థం. అలా కాక, అల ఒడ్డు దాకా నునుపుగా వచ్చి, పాదాల దగ్గర ఒక్కసారిగా నిటారుగా లేచి ధబ్‌మని పడుతుంటే అక్కడ అడుగు నిలువుగా దిగిపోతోందన్నమాట. ఒడ్డున ఇసుక మెట్టులా కోసుకుపోయి కనిపిస్తుంది. అలాంటిచోట ఐదేళ్ల పాప మోకాళ్ల లోతులో ఉన్నా క్షేమం కాదు. పడే అల బోర్లా తోస్తుంది, వెనక్కి పోయే నీరు కాళ్ల కింద ఇసుకతో సహా లాగుతుంది.

గుప్పెడు ఇసుక తీసి చూసినా చాలావరకు తెలుస్తుంది. రవ్వలా ముతకగా, కాలు వేస్తే చీలమండ దాకా దిగబడేలా ఉంటే ఆ తీరం నిటారుగా ఉండే అవకాశం ఎక్కువ. పిండిలా సన్నగా ఉండి, తడిసినచోట గట్టిపడి, సైకిలు తొక్కగలిగేలా ఉంటే వాలు తక్కువ. మీ అత్తగారు నడవడానికీ రెండో రకమే నయం. మన తీరంలో మొదటి రకం ఎక్కువ కాబట్టే ఇంత చెబుతున్నాను. ఒకే ఊరి తీరంలో రెండు రకాలూ ఉండవచ్చు, ఒక్క తుఫాను తర్వాత మారిపోనూవచ్చు.

ఆ పావుగంటలో చూడవలసిన రెండోది, అలల వరసలో ఖాళీ. అటూ ఇటూ తెల్లగా నురగ విరుగుతూ, మధ్యలో ఒకచోట మాత్రం నీరు ముదురు రంగులో ప్రశాంతంగా ఉందనుకోండి. అక్కడ నురగ, చెత్త, కలకబారిన ఇసుక నీరు ఒడ్డుకు రాకుండా సముద్రంలోకి పోతున్నట్టు కనిపిస్తే అది నీరు బయటికి పోయే కాలువ. అలలు లోపలికి తోసిన నీరంతా ఏదో ఒక దారిన వెనక్కి పోవాలి కదా, ఇసుక మేటకు గండి ఉన్నచోట నుంచి ఉరవడిగా పోతుంది. పిల్లల తల్లిదండ్రులు సరిగ్గా దాన్నే ఎంచుకుంటారు, అలలు లేవు కదా అని. మునిగిపోయేవాళ్లలో ఎక్కువమంది ఇలాంటి పాయలో పడి, ఒడ్డుకేసి ఎదురీది, అలిసిపోయి మునుగుతారు. ఎవరైనా అందులో పడితే ఎదురీదకూడదు. వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలుపుకుని, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరగాలి. ఆ పాయ వెడల్పు చాలాసార్లు తక్కువే ఉంటుంది, పక్కకు తప్పుకుంటే అలలే ఒడ్డుకు తోస్తాయి.

రక్షించబోయేవాళ్ల గురించి కూడా చెప్పాలి, మన పేపర్లలో వచ్చే వార్తల్లో ఒకరిని కాపాడబోయి ఇద్దరు, ముగ్గురు పోయినవి ఎన్ని చూడలేదు! బావగారో మరిదిగారో ఆవేశంగా దూకకూడదు. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను, గాలి నింపిన ట్యూబు, తాడు, ఏది తేలితే అది విసరాలి. ఐదు లీటర్ల ఖాళీ క్యానుకు పది గజాల నైలాన్ తాడు కట్టి కారులో పడేసుకోండి. దాని ఖరీదెంతని! పక్కన వేటకు వెళ్లే పడవలవాళ్లు ఉంటే గట్టిగా కేకేసి పిలవండి. మన తీరంలో అసలైన లైఫ్‌గార్డులు వాళ్లే. 112, 108 నంబర్లకు ఫోను కూడా చేయాలి, కానీ మారుమూల తీరానికి సాయం చేరడానికి పట్టే సమయంలో చేతికందిన మనిషే దిక్కు.

ట్యూబు అన్నాను కాబట్టి ఇంకో మాట. రంగురంగుల గాలి ట్యూబులు, బాతు బొమ్మల తొట్లు పిల్లలకు తొడిగి నీళ్లలో వదలకండి. జనవరి ఉదయాల్లో గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. సముద్రం చక్కగా పరుపు పరిచినట్టు ఉంటుంది. ఆ గాలికి ట్యూబు లోపలికే కొట్టుకుపోతుంది, పిల్లవాడు నవ్వుతూనే ఉంటాడు. మధ్యాహ్నానికి గాలి తిరిగి సముద్రం మీద నుంచి వస్తుంది, అప్పుడు అలలు చిందరవందరగా లేస్తాయి. ట్యూబు ఒడ్డున మీ చేతిలో ఉండాలి, విసరడానికి.

ఇప్పుడు మీరడిగిన ఊళ్లు.

మీ కుటుంబానికి నా మొదటి ఎంపిక కళింగపట్నం. శ్రీకాకుళానికి దగ్గర, దారి బాగుంటుంది, రోడ్డు తీరం పక్కదాకా వెళుతుంది. మోకాళ్ల నొప్పులున్నవారికి ఇదే అన్నిటికంటే పెద్ద సౌకర్యం, ఎందుకంటే పొడి ఇసుకలో వంద అడుగులు నడవడం మామూలు దారిలో ఫర్లాంగు నడిచినంత. సముద్రానికి ఎదురుగా నిలబడితే వంశధార మొగ మీకు ఎడమ చేతి వైపు, ఉత్తరాన ఉంటుంది. మీరు కుడివైపుకు, దక్షిణానికి నడవండి. మొగను దూరం నుంచి చూడటానికి మాత్రం తప్పక వెళ్లండి. నది రంగు, సముద్రం రంగు కలిసే గీత, ఇసుక మేటల మీద వాలిన పక్షులు చూడముచ్చటగా ఉంటాయి. పిల్లల చెయ్యి పట్టుకుని, నీటి అంచుకు ఎడంగా నిలబడి చూడండి. అంచు ఇసుక కింద కోసుకుపోయి ఉంటుంది, పెద్దవాళ్ల బరువుకే విరిగి పడుతుంది.

కళింగపట్నానికి ఇంకో బలం ఉంది. పిల్లలకు సముద్రం గంటన్నరలో విసుగు పుట్టినా చుట్టుపక్కల చూడటానికి చాలా ఉంది. వంశధార ఒడ్డున కొండ మీద శాలిహుండం బౌద్ధ స్తూపాల శిథిలాలున్నాయి. అత్తగారిని కొండ ఎక్కించకండి, ఆవిడకు దారిలో శ్రీకూర్మం చాలు. కూర్మనాథుడి గుడిలో నక్షత్ర తాబేళ్లను పెంచుతారు, మీ పాప అక్కడి నుంచి కదలదు. రెండూ ఒకే రోజులో పెట్టుకుంటే ఉదయం తీరం, ఎండ ఎక్కేవేళకు గుడి, నాలుగింటికి శాలిహుండం. అరసవల్లి కూడా చూడాలనుకుంటే రథసప్తమి తేదీ ముందుగా క్యాలెండర్లో చూసుకోండి. ఆ పండుగ రోజుల్లో శ్రీకాకుళంలో కారు కదలదు.

కళ్లేపల్లి అయితే శ్రీకాకుళం పట్టణానికి ఇంకా దగ్గరే. నాగావళి మొగ, సాయంకాలపు వెలుగు బాగుంటాయి. చూసి రండి, నీళ్లలో దిగవద్దు.

బారువ గురించి నాకు పక్షపాతం ఉంది, ముందే ఒప్పుకుంటున్నాను. ఉద్దానం కొబ్బరి తోటల్లోంచి వెళ్లి సముద్రం కనబడే ఆ చోటు మన ఉత్తరాంధ్రలో మరెక్కడా లేదు. సోంపేట దాటి లోపలికి వెళ్లాలి. పాతకాలంలో ఇదీ రేవే. తీరానికి దగ్గరలోనే చిల్కా అనే ఓడ మునిగింది, దాని గుర్తుగా స్తంభం ఉంది, బాబుకు ఆ కథ చెబితే హుషారుగా వింటాడు. కానీ శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్లకు పైనే. ఉదయం వెళ్లి రాత్రికి వచ్చేస్తాం అనుకుంటే పిల్లలకు సముద్రం కంటే కారు ఎక్కువ గుర్తుంటుంది. పలాసలోనో సోంపేటలోనో ఒక రాత్రి ఉండగలిగితేనే పెట్టుకోండి. గదులు తక్కువ, పండుగ రోజుల్లో ముందే ఫోను చేసి ఖాయం చేసుకోండి. పలాసలో ఆగితే జీడిపప్పు కొనక తప్పదు. బద్దకూ గుండుకూ ధరలో తేడా ఉంటుంది, పాయసంలోకి బద్ద చాలు.

దారిలో టెక్కలి దాటాక తేలినీలాపురం పెట్టుకోండి. చలికాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. సెప్టెంబరు, అక్టోబరులలో వచ్చి ఎండలు ముదిరాక వెళతాయి కాబట్టి మీరు వచ్చే జనవరిలో కచ్చితంగా కనబడతాయి. బీచ్ యాత్రలో ఇదేమిటి అనకండి, ఐదేళ్ల పాపకు సముద్రం కంటే గూడబాతు మూతి సంచే ఎక్కువ నచ్చినా ఆశ్చర్యం లేదు. దానికి పక్కనే భావనపాడు. ఒకప్పుడు కుటుంబాలతో వెళ్లడానికి బాగుండేది. ఆ పక్కన మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశాక అటు లారీలు, రాళ్లు, పనుల సందడి. సముద్రంలోకి రాతి గోడలు కడితే పక్క తీరాల ఇసుక, లోతులు మారతాయి. అక్కడ పాత అనుభవంతో చెప్పే సలహాలు వినకండి, నావి కూడా.

వజ్రపుకొత్తూరు మండలం అక్కుపల్లి దగ్గర శివసాగర్ తీరం విశాలమైనది. కార్తీక మాసంలో వనభోజనాలకు కిటకిటలాడుతుంది, మిగతా రోజుల్లో నిర్మానుష్యం. నిర్మానుష్యమైన తీరం ఫొటోలకు బాగుంటుంది, చిన్నపిల్లలతో వెళ్లడానికి నేను సరేనను. కేక వేస్తే పలికేవాడు ఉండాలి.

విజయనగరం జిల్లాకు ఉన్న తీరం చిన్నది, ముప్పై కిలోమీటర్ల లోపే, పూసపాటిరేగ, భోగాపురం మండలాల్లో. అందులో చింతపల్లి నయం. జాతీయ రహదారి మీద నుంచి మరీ దూరం కాదు, విశాఖ వెళ్లి రైలెక్కేవాళ్లకు దారిలోనే పడుతుంది. మీరు మూడో రోజు తిరుగు ప్రయాణంలో రెండు గంటలు ఆగండి. ఇక్కడ సముద్రం లోపల నీటి అడుగున రాళ్లున్నాయి. వాటిని ఓడలు తప్పించుకోవడానికే బ్రిటిష్ కాలంలో లైట్‌హౌస్ కట్టారు. ఇంగ్లిషు రికార్డుల్లో ఇదే శాంతపిల్లి. కోనాడలో సరుగుడు తోటలు, చంపావతి మొగ. భోజనం మూట విప్పడానికి సరుగుడు నీడ కంటే గొప్ప చోటు లేదు. అన్నం తిని, మొగను దూరం నుంచి చూసి వెనక్కి రండి.

ఇంత చదివాక మీకో అనుమానం రావాలి: పిల్లలు నిజంగా నడుము లోతు నీళ్లలో మునగాలని పట్టుబడితే ఎలా? అప్పుడు మా జిల్లాలు వద్దు. విశాఖలో రుషికొండకు వెళ్లండి. 2020లో దానికి బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన, క్షేమమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చింది. స్నానానికి హద్దులు గుర్తించి, లైఫ్‌గార్డులను పెట్టి, బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు ఏర్పాటు చేశారు. హద్దు లోపలే ఉండాలి, లైఫ్‌గార్డు విజిల్ వేస్తే వాదించకూడదు. అదే విశాఖలో ఆర్కే బీచ్‌లో మాత్రం ఒడ్డున మొక్కజొన్న పొత్తు తిని రండి, దిగకండి. అక్కడ ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్ల ప్రయాణం దండగ అనుకుంటారేమో, నీళ్లలో మునగడమే ముఖ్యమైతే దండగ కాదు. మా తీరాల్లో పిల్లలకు పాదాలు తడుపుకోవడం, గవ్వలు ఏరడం, ఎర్ర పీతల వెంట పరిగెత్తడం, ఇసుకలో గుంట తవ్వి నీరు ఊరేదాకా చూడటం, ఇవి ఉంటాయి. గుంట తవ్వితే మోకాలి లోతు దాటనివ్వకండి, వెళ్లేముందు పూడ్చండి.

సమయం గురించి. జనవరి నుంచి మార్చి దాకా మన సముద్రం మిగతా ఏడాది కంటే శాంతంగా ఉంటుంది. మీరు ఎంచుకున్న కాలం మంచిదే. అయినా బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వింటే ఆ రోజు మానుకోండి. వార్తల్లో 'కళింగపట్నం, భీమిలి రేవుల్లో ఒకటో నంబరు ప్రమాద సూచిక' అని చదువుతుంటారు కదా, అది ఓడలవాళ్లకే అనుకోకండి. తుఫాను ఎక్కడో దూరంగా ఉన్నా దాని పెద్ద అలలు ఎండ కాస్తున్న మన తీరానికి వస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి చెట్లు నేలమట్టమయ్యాయి. ఆ గాలులు దసరా, దీపావళి సెలవుల్లోనే వస్తుంటాయి, అందుకే అక్టోబరు, నవంబరుల్లో గదికి డబ్బు ముందే కట్టేయకండని అందరికీ చెబుతాను. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ పెద్ద అలల హెచ్చరికలు రోజూ ఇస్తుంది, బయలుదేరేముందు ఫోనులో ఒకసారి చూసుకోండి.

పున్నమికీ అమావాస్యకూ పోటు, పాటు రెండూ ఎక్కువ. ఆ రోజుల్లో పోటు వచ్చినప్పుడు మీరు చాప పరిచిన చోటికి నీళ్లు వస్తాయి, పాటులో లాగుడు ఎక్కువ ఉంటుంది. పొడి ఇసుక మీద గడ్డి, చెత్త గీతలా పేరుకుని ఉంటుంది చూడండి, అది నిన్నటి పోటు ఎక్కిన హద్దు. చాప, చెప్పులు, అత్తగారి కుర్చీ దానికి పైన.

పండుగ రోజుల్లో వెళ్లకండి. కనుమ, ముక్కనుమ నాడు ఊరూరి కుర్రాళ్లు ట్రాక్టర్ల మీద తీరానికి వస్తారు. తాగి నీళ్లలోకి దిగేవాళ్లుంటారు, సీసాలు పగలగొట్టి పోతారు. మర్నాడు, వీలైతే మామూలు పనిదినాన, పొద్దున్నే వెళ్లండి. ఆ రోజుల్లో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. ఆరింటికల్లా తీరంలో ఉంటే సముద్రంలోంచి సూర్యుడు రావడం చూడవచ్చు, తొమ్మిదింటికి తిరిగి టిఫినుకు వచ్చేయవచ్చు. సాయంత్రం మన తీరంలో సూర్యుడు వెనక, నేల వైపు దిగుతాడు కాబట్టి ఐదున్నర దాటగానే చీకటి తొందరగా కమ్ముతుంది. చీకటి పడ్డాక పిల్లల్ని నీటి అంచున ఉంచకండి.

పొద్దున్నే వెళితే ఇంకో లాభం, అలివి వల లాగడం చూడవచ్చు. పడవ వలను అర్ధచంద్రంగా సముద్రంలో వేసి వస్తుంది, రెండు కొసల తాళ్లను ఒడ్డున రెండు జట్లు పట్టుకుని అడుగులో అడుగు కలిపి లాగుతారు. మెల్లగా రెండు జట్లూ దగ్గరవుతాయి, చివరికి వల సంచి ఒడ్డుకు పడుతుంది. కవళ్లు, నెత్తళ్లు, కానాగడతలు వెండిలా ఎగురుతుంటాయి, మధ్యలో పీతలు, జెల్లీఫిష్‌లు. తాడును దాటనివ్వకండి, బిగిసినప్పుడు కాలు విరుగుతుంది. ముందుగా 'చూడొచ్చా అన్నా' అని ఒక్క మాట అడిగితే పిల్లల చేతికి వాళ్లే ఒక చేపనిస్తారు. ఫొటోలు కూడా అడిగి తీయండి, అది వాళ్ల పని జాగా. జెల్లీఫిష్ చచ్చి పడి ఉన్నా ముట్టుకోకూడదు. మంట పుడితే ఇసుకతో రుద్దకుండా సముద్రపు నీళ్లతోనే కడిగి, ఎక్కువైతే డాక్టరు దగ్గరికి.

చచ్చిన తాబేలు కూడా కనబడవచ్చు. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఇసుకకు వస్తాయి, కొన్ని వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోయి కొట్టుకొస్తాయి. పాప భయపడకుండా ముందే చెప్పి ఉంచండి. గుడ్లు పొదగడానికి ఏడెనిమిది వారాలు పడుతుంది కాబట్టి పిల్ల తాబేళ్లు సముద్రంలోకి నడవడం చూడాలంటే ఫిబ్రవరి ఆఖరు, మార్చి నెలల్లో రావాలి.

సామాను. మరుగుదొడ్ల మీద ఆశ పెట్టుకోకండి. ఉంటాయి, నీళ్లుండవు. జాతీయ రహదారి మీద పెట్రోలు బంకులో ఆగి ఆ పని ముగించుకోండి. కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి ఒక క్యాను మంచినీళ్లు వేరే పెట్టుకోండి. చెప్పులు పిల్లల కాళ్లకు నీటి అంచు దాకా ఉండాలి, గాజు పెంకులు, గాలాలు ఇసుకలో ఉంటాయి. ప్లాస్టిక్ కుర్చీ తెస్తారు, దాని సన్నటి కాళ్లు ఇసుకలో దిగిపోయి పెద్దావిడ పక్కకు ఒరిగిపోతుంది. నాలుగు కాళ్ల కిందా ఒక చెక్క పలకో మడిచిన గోనెసంచో వేయండి.

ఇక అత్తగారి స్నానం. సంగమంలోనే చేయాలంటే ఒప్పుకోకండి. కాదన్నది కోడలయితే గొడవ, ఆ మాట ఆవిడ కొడుకు చేత చెప్పించండి. కళింగపట్నంలో మొగకు దూరంగా, వాలు తక్కువున్నచోట, పాటు సమయం కాకుండా చూసుకుని, అల వచ్చి ఆగే తడి ఇసుక మీద చెక్క పీట వేసి కూర్చోబెట్టండి. అటొకరు ఇటొకరు భుజాలు పట్టుకోవాలి. సముద్రానికి ఎదురుగా కూర్చోవాలి, వీపు పెట్టకూడదు, రాబోయే అల కనిపించాలి. ఇంకొకరు ఇత్తడి చెంబుతో అల నీరు ముంచి తల మీద పోయండి. సంకల్పం చెప్పుకోవడానికి పురోహితుడు కావాలంటే శ్రీకూర్మంలో అడిగితే దొరుకుతారు, ముందురోజు మాట్లాడుకోండి. మాఘ పౌర్ణమికే చేయాలని ఆవిడ పట్టుబడితే మాత్రం ఆ రోజు తీరానికి జనం వేలల్లో వస్తారు, నిలబడటానికే చోటుండదు. ఆ తెల్లవారుజామున పిల్లల్ని ఆడపడుచు గారింట్లోనే పడుకోనిచ్చి పెద్దవాళ్లు మాత్రం వెళ్లిరండి.